ఫోన్‌లో డెస్క్‌టాప్ లినక్స్: టెర్మక్స్‌లో డెబియన్ ఎక్కించి, అది మధ్యలో ఆరిపోకుండా నడిపించడం ఎలా?

"లినక్స్ ఎక్కింది, డెస్క్‌టాప్ కూడా వచ్చింది, పది నిమిషాలకే మాయమైంది." ఈ విషయం అడిగేవాళ్లలో ఎక్కువమంది ముందు చెప్పే మాట ఇదే. తప్పు లినక్స్‌ది కాదు. అద్దె ఇంట్లో సామాను దించేశాక ఓనర్‌తో షరతులు మాట్లాడబోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఇక్కడ ఓనర్ ఆండ్రాయిడ్. అందుకే కింద మొదటి మూడు మెట్లలో డెబియన్ ఎక్కించే ఊసే రాదు. ఆ మూడూ దాటేసి నేరుగా నాలుగులోకి దూకితే మళ్లీ ఇక్కడికే తిరిగి రావాల్సి వస్తుంది.

మనం కట్టబోయేది ఇదీ. టెర్మక్స్ అనే కమాండ్లు కొట్టే యాప్, దాని లోపల డెబియన్ అనే లినక్స్ రకం, డెబియన్ లోపల ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, ఆ డెస్క్‌టాప్ బొమ్మను తెర మీద చూపించడానికి టెర్మక్స్:ఎక్స్11 అనే ఇంకో యాప్. ఫోన్‌ను రూట్ చేయక్కర్లేదు (అంటే ఆండ్రాయిడ్ తాళాలు తీసి పూర్తి అధికారం తెచ్చుకోనక్కర్లేదు), ఫోన్‌లో ఉన్నదేదీ చెరిపేయక్కర్లేదు.

ఆదేశాల గురించి ముందే ఒక మాట. ఫోన్‌లో ఎవరికైనా చెప్పి టైప్ చేయిస్తే ఎలా పలుకుతామో, ఇక్కడ కమాండ్లను అలాగే రాశాను. మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాను. పీకేజీ, ఏపీటీ, టీఎంపీ, ఈఎన్‌వీ లాంటివి విడి అక్షరాలు. ప్రూట్ అంటే పీ, ఆర్, ఓ, ఓ, టీ. డీబస్, ఐబస్‌లలో చివర బీ, యూ, ఎస్. గీతలు, చుక్కలు, కోలన్లు ఇక్కడ ఎలా కనిపిస్తే అలాగే కొట్టాలి. నోట్స్ యాప్‌లో రాసుకుని కాపీ చేసేవాళ్లు ఒకటి చూసుకోండి: కొన్ని కీబోర్డులు పక్కపక్కనే ఉన్న రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీత చేస్తాయి. అప్పుడు కమాండ్ పనిచేయదు, ఎందుకో చూస్తే కనబడదు.

1. ఫోన్ సరిపోతుందా?

కొత్త ఫోనే కావాలని లేదు. సొరుగులో పడున్న పాత ఫోనే ఈ పనికి మేలు అనే సందర్భమూ ఉంది, అది మూడో మెట్టులో చెప్తాను.

చూసుకోవాల్సినవి:

- ఆండ్రాయిడ్ 7 లేదా ఆ పైన.
- ర్యామ్ 4 జీబీ ఉంటే నడుస్తుంది, 6 ఉంటే హాయిగా నడుస్తుంది. 3 జీబీలో డెస్క్‌టాప్ వస్తుంది కానీ బ్రౌజర్ తెరవగానే ఆయాసపడుతుంది.
- ఫోన్ లోపలి మెమరీలో కనీసం 8 జీబీ ఖాళీ. ఎస్‌డీ కార్డులో ఉన్న ఖాళీ లెక్కలోకి రాదు. కార్డు ఫార్మాట్‌లో లినక్స్‌కు కావాల్సిన లింకులు, అనుమతులు ఉండవు.
- వైఫై. మొబైల్ డేటాతోనూ అవుతుంది కానీ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ అన్నీ కలిపితే రోజువారీ కోటా ఒక్క పూటలో అయిపోతుంది.
- బ్లూటూత్ కీబోర్డు, మౌస్, లేదా ఓటీజీ కేబుల్. ఇవి లేకుండా ఎక్కించడం వరకు చేయొచ్చు, రోజూ వాడటం మాత్రం కష్టం.

టీవీకి కేబుల్ పెట్టి పెద్ద తెర మీద చూద్దామనుకునేవాళ్లు ముందు ఫోన్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉందో లేదో చూడండి. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి రాదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. కేబుల్ కొన్నాక తెలిస్తే బాధ.

2. రెండు యాప్‌లు

టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి గానీ, గిట్‌హబ్‌లోని టెర్మక్స్ పేజీ నుంచి గానీ దించుకోండి. ప్లే స్టోర్‌లో కనిపించేది వేరే దారిలో నడుస్తున్న విడత, ఈ పనికి దాన్ని వాడొద్దు.

ఎఫ్-డ్రాయిడ్‌లోని యాప్ సంతకం వేరు, గిట్‌హబ్‌లోని యాప్ సంతకం వేరు. ఒకచోట దించిన టెర్మక్స్ మీద రెండోచోట దించిన అప్‌డేట్ గానీ, దాని అనుబంధ యాప్‌లు గానీ ఎక్కవు. "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది. అప్పుడు చాలామంది టెర్మక్స్‌ను తీసేసి కొత్తది వేస్తారు. నేనూ అదే చేశాను. టెర్మక్స్‌ను తీసేస్తే దాని లోపలున్న డెబియన్, డెబియన్ లోపలి ఫైళ్లు అన్నీ దాంతోపాటే పోతాయి. అడిగేవాడు లేడు, రీసైకిల్ బిన్ లేదు. రెండు నెలల ఇంటి ఖర్చుల లెక్క అలా పోయింది, తొందర నాదే.

టెర్మక్స్:ఎక్స్11 యాప్ గిట్‌హబ్‌లో నైట్లీ అనే పేరుతో దొరుకుతుంది. దీనికి ఆ సంతకం పేచీ లేదు, టెర్మక్స్‌ను ఎక్కడి నుంచి దించినా ఎక్కుతుంది. ఫైళ్ల జాబితాలో ఏఆర్ఎం64 అని ఉన్నది దాదాపు అన్ని కొత్త ఫోన్లకూ సరిపోతుంది. సందేహముంటే యూనివర్సల్ అని ఉన్నది తీసుకోండి.

రెండూ ఎక్కాక టెర్మక్స్ తెరిచి ఇవి ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి:

టెర్మక్స్-చేంజ్-రెపో
పీకేజీ అప్‌డేట్
పీకేజీ అప్‌గ్రేడ్

మొదటిది సర్వర్ ఎంచుకోవడానికి. మిర్రర్ గ్రూప్ మీద ఎంటర్ కొట్టి ఆసియా అని ఉన్నది ఎంచుకోండి. అప్‌గ్రేడ్ మధ్యలో ఏదో కాన్ఫిగరేషన్ ఫైలు మార్చాలా, ఉంచాలా అని ఆగి అడుగుతుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే చాలు. అది అలా అడిగి ఆగిందని తెలియక అరగంట చూస్తూ కూర్చున్నవాళ్లు ఉన్నారు.

తర్వాత ఒక్కసారి:

టెర్మక్స్-సెటప్-స్టోరేజ్

ఫోన్ ఫైళ్లు చూడటానికి అనుమతి అడుగుతుంది, ఇవ్వండి.

3. ఆండ్రాయిడ్‌తో షరతులు

డెస్క్‌టాప్ ఆరిపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒక నిబంధన వచ్చింది: యాప్‌లు తమ లోపల పుట్టించుకునే పిల్ల ప్రాసెస్‌లు (విడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు) ఫోన్ మొత్తం మీద 32 దాటకూడదు. మామూలు యాప్‌లకు ఇది పట్టదు. మన డెస్క్‌టాప్‌కు ప్యానెల్ ఒక ప్రాసెస్, కిటికీలను చూసుకునేది ఒకటి, ఫైల్ మేనేజర్ ఒకటి, సెట్టింగ్స్ చూసేది ఒకటి. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే ఒక్కటే అరడజను పుట్టిస్తుంది. లెక్క దాటగానే ఆండ్రాయిడ్ వచ్చి చంపేస్తుంది. టెర్మక్స్‌లో "ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9" అని కనిపిస్తే అర్థం అదే.

మీ ఫోన్ ఏ ఆండ్రాయిడో చూసుకుని దానికి తగ్గది చేయండి.

ఆండ్రాయిడ్ 11, అంతకు ముందువి: ఈ నిబంధనే లేదు. పాత ఫోన్ మేలన్నది ఇందుకే.

ఆండ్రాయిడ్ 14, ఆ పైన: సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "డిజేబుల్ చైల్డ్ ప్రాసెస్ రెస్ట్రిక్షన్స్" అనేది వెతికి ఆన్ చేయండి. ఫోన్ ఒకసారి ఆపి వెలిగించండి.

ఆండ్రాయిడ్ 12, 13: ఆ మీట కనిపించకపోతే ఏడీబీతో (ఫోన్‌కు బయటి నుంచి ఆదేశాలిచ్చే పనిముట్టు) ఫోన్ నుంచే ఫోన్‌కు ఆదేశం పంపాలి. కంప్యూటర్ అక్కర్లేదు కానీ వైఫైలో ఉండాలి.

ఒకటి, టెర్మక్స్‌లో పీకేజీ ఇన్‌స్టాల్ ఆండ్రాయిడ్-టూల్స్.

రెండు, పైన చెప్పినట్టే డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, అందులో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఆ మాట మీద తట్టి లోపలికి వెళ్లండి. ఇప్పుడు సెట్టింగ్స్‌ను, టెర్మక్స్‌ను తెర మీద సగం సగం పెట్టండి. ఇది తప్పనిసరి. పెయిరింగ్ కోడ్ చూసి టెర్మక్స్‌కు మారితే ఆ పెట్టె మూసుకుపోయి కోడ్ చెల్లకుండా పోతుంది.

మూడు, "పెయిర్ డివైస్ విత్ పెయిరింగ్ కోడ్" నొక్కితే ఆరంకెల కోడ్, కింద ఐపీ, కోలన్ తర్వాత ఒక పోర్ట్ నంబరు వస్తాయి. టెర్మక్స్‌లో ఏడీబీ పెయిర్ లోకల్‌హోస్ట్: అని కొట్టి ఆ పోర్ట్ నంబరు వేయండి. అడిగినప్పుడు కోడ్ ఇవ్వండి.

నాలుగు, ఆ పెట్టె మూసేస్తే వైర్‌లెస్ డీబగ్గింగ్ పేజీలో ఇంకో పోర్ట్ నంబరు కనిపిస్తుంది. ఇందాకటిది కాదు, ఇది. ఏడీబీ కనెక్ట్ లోకల్‌హోస్ట్: తర్వాత దీన్ని వేయండి. ఇక్కడ పాత నంబరే మళ్లీ కొట్టి కనెక్ట్ కావడం లేదనేవాళ్లే ఎక్కువ.

ఐదు:

ఏడీబీ షెల్ సెట్టింగ్స్ పుట్ గ్లోబల్ సెట్టింగ్స్_ఎనేబుల్_మానిటర్_ఫాంటమ్_ప్రాక్స్ ఫాల్స్

ఫాంటమ్ మొదట పీ, హెచ్. ప్రాక్స్ అంటే పీ, ఆర్, ఓ, సీ, ఎస్. మధ్యలో ఉన్నవి అండర్‌స్కోర్‌లు, ఖాళీలు కావు. ఏ సందేశమూ రాకుండా మళ్లీ ప్రాంప్ట్ వస్తే పని అయినట్టే. పని అయ్యాక వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆపేయండి.

ఈ సెట్టింగ్ 12 తొలి విడతలో లేదు, 12ఎల్ నుంచి ఉంది. తొలి విడత 12 ఉన్నవాళ్లు ఈ రెండూ కొట్టాలి:

ఏడీబీ షెల్ డివైస్_కాన్ఫిగ్ సెట్_సింక్_డిజేబుల్డ్_ఫర్_టెస్ట్స్ పర్సిస్టెంట్
ఏడీబీ షెల్ డివైస్_కాన్ఫిగ్ పుట్ యాక్టివిటీ_మేనేజర్ మ్యాక్స్_ఫాంటమ్_ప్రాసెసెస్ 2147483647

ఇక్కడితో అయిపోలేదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో టెర్మక్స్‌కు, టెర్మక్స్:ఎక్స్11కు రెండింటికీ "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. చాలా కంపెనీలు తమ సొంత బ్యాటరీ సేవర్‌ను దీని మీద ఇంకో పొరగా పెడతాయి. అందులోనూ ఈ రెంటినీ మినహాయించండి. రీసెంట్ యాప్‌ల తెరలో తాళం బొమ్మ ఉంటే అదీ వేయండి.

కొన్ని బ్యాంకు యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే తెరుచుకోనంటాయి. రోజూ యూపీఐ వాడే ఫోన్‌లో ఇదంతా చేయొద్దని నా సలహా. ఇక్కడా పాత ఫోనే నెగ్గింది.

4. డెబియన్ ఎక్కించడం

ఇప్పుడు టెర్మక్స్‌లో:

పీకేజీ ఇన్‌స్టాల్ ఎక్స్11-రెపో
పీకేజీ ఇన్‌స్టాల్ టెర్మక్స్-ఎక్స్11-నైట్లీ ప్రూట్-డిస్ట్రో పల్స్ఆడియో
ప్రూట్-డిస్ట్రో ఇన్‌స్టాల్ డెబియన్

ఎక్స్11-రెపో ముందు వేయకపోతే రెండో వరుసలోని నైట్లీ ప్యాకేజీ దొరకదంటుంది. యాప్ వేశాం కదా, మళ్లీ ఈ ప్యాకేజీ ఎందుకని అడుగుతారు. యాప్ తెర లాంటిది, ప్యాకేజీ ఆ తెరకు బొమ్మ పంపే తీగ లాంటిది. ఒకదాన్ని అప్‌డేట్ చేసినప్పుడు రెండోదాన్నీ చేయండి.

ఉబుంటు కాకుండా డెబియన్ ఎందుకంటే, ఉబుంటులో (ఇంకో లినక్స్ రకం) ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే తరహా ప్యాకేజీగా వస్తుంది, ఇక్కడ స్నాప్ నడవదు.

లోపలికి వెళ్లడానికి:

ప్రూట్-డిస్ట్రో లాగిన్ డెబియన్

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తెర చూడండి. టెర్మక్స్‌లో ఉన్నప్పుడు వరుస చివర డాలర్ గుర్తు ఉండేది. ఇప్పుడు రూట్@లోకల్‌హోస్ట్ అని వచ్చి చివర హ్యాష్ గుర్తు ఉంది. డాలర్ అంటే గుమ్మం బయట, హ్యాష్ అంటే డెబియన్ లోపల. పీకేజీ బయట కొట్టాలి, ఏపీటీ లోపల కొట్టాలి. కమాండ్ దొరకలేదని వచ్చిన ప్రతిసారీ ముందు ఈ గుర్తు చూడండి. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి. బయటికి రావడానికి ఎగ్జిట్.

ఈ రూట్ ఉత్తుత్తి రూట్. డెబియన్ వేసే ప్రతి కేకనూ ప్రూట్ మధ్యలో పట్టుకుని, "నువ్వే యజమానివి" అని డెబియన్‌కు చెబుతూ, అసలు పని టెర్మక్స్‌కున్న హక్కులతోనే చేయిస్తుంది. ఈ మధ్యవర్తిత్వం వల్లే ఫోన్ రూట్ చేయకుండా పని జరుగుతోంది. దీనివల్లే కాస్త నెమ్మదిగానూ ఉంటుంది.

5. డెస్క్‌టాప్, మీ పేరుతో ఒక యూజర్

డెబియన్ లోపల, హ్యాష్ గుర్తు దగ్గర:

ఏపీటీ అప్‌డేట్
ఏపీటీ అప్‌గ్రేడ్
ఏపీటీ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఎక్స్‌ఎఫ్‌సీఈ4-టెర్మినల్ డీబస్-ఎక్స్11 నానో ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్

చివరిది సమయం తీసుకుంటుంది. ఛార్జర్ పెట్టి, తెర ఆరిపోకుండా చూసుకోండి. మధ్యలో కీబోర్డు ఏదని అడిగితే ఉన్నదాన్నే ఉంచి ఎంటర్ కొట్టండి, ఏ ప్రాంతమని అడిగితే ఏషియా, కోల్‌కతా ఎంచుకోండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు అక్కడిది.

సైజు తగ్గుతుందని సిఫార్సు ప్యాకేజీలు వద్దనే ఆప్షన్ పెట్టమని కొందరు చెబుతారు. మొదటిసారి అలా చేయకండి. ఐకాన్లు లేని మెనూ, పలకని బటన్లు వచ్చి ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు.

తర్వాత యూజర్. పేరు సీత అనుకుందాం:

యాడ్‌యూజర్ సీత

పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే ఏమీ కనిపించదు, అది మామూలే. మిగతా ప్రశ్నలకు ఎంటర్ కొడుతూ పోండి. అంతా రూట్‌గానే నడపొచ్చు కదా అంటే, వీఎల్‌సీ లాంటివి రూట్‌గా తెరవడానికి ఒప్పుకోవు. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు రూట్, రోజువారీ పనికి సీత.

ఎగ్జిట్ కొట్టి బయటికి రండి.

6. ఒక్క మాటతో మొదలయ్యేలా స్క్రిప్ట్

రోజూ ఐదు వరుసలు కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు. టెర్మక్స్‌లో, డాలర్ గుర్తు దగ్గర, పీకేజీ ఇన్‌స్టాల్ నానో, ఆ తర్వాత నానో డెస్క్ అని కొట్టండి. తెరుచుకున్న ఖాళీ పేజీలో ఈ ఐదు వరుసలు రాయండి:

టెర్మక్స్-వేక్-లాక్
పల్స్ఆడియో --స్టార్ట్ --లోడ్="మాడ్యూల్-నేటివ్-ప్రోటోకాల్-టీసీపీ ఆథ్-ఐపీ-ఏసీఎల్=127.0.0.1 ఆథ్-అనానిమస్=1" --ఎగ్జిట్-ఐడిల్-టైమ్=-1
టెర్మక్స్-ఎక్స్11 :1 &
స్లీప్ 3
ప్రూట్-డిస్ట్రో లాగిన్ డెబియన్ --యూజర్ సీత --షేర్డ్-టీఎంపీ -- ఈఎన్‌వీ డిస్‌ప్లే=:1 పల్స్_సర్వర్=127.0.0.1 డీబస్-లాంచ్ --ఎగ్జిట్-విత్-సెషన్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4

చివరి వరుసలో డిస్‌ప్లే, పల్స్_సర్వర్ ఈ రెండే పూర్తిగా పెద్ద అక్షరాలు. ఆథ్ అంటే ఏ, యూ, టీ, హెచ్. చివరి వరుస ఎంత పొడుగున్నా ఒకే వరుస, మధ్యలో ఎంటర్ కొట్టకూడదు.

సేవ్ చేయడానికి కంట్రోల్+ఓ, ఎంటర్. బయటికి కంట్రోల్+ఎక్స్. కంట్రోల్ మీట లేనివాళ్లు ఫోన్ వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని అక్షరం నొక్కండి. టెర్మక్స్‌లో అదే కంట్రోల్.

ఏ వరుస దేనికో తెలిస్తే రేపు చెడినప్పుడు సరిచేసుకోవచ్చు. మొదటిది ఫోన్ నిద్రపోకుండా. రెండోది శబ్దానికి. మూడోది తెర సిద్ధం చేస్తుంది. నాలుగోది ఆ తెర లేచేదాకా మూడు సెకన్లు ఆగుతుంది. ఐదోదే అసలు పని. అందులో షేర్డ్-టీఎంపీ కీలకం. తెరకు దారి చూపే ఫైలు టెర్మక్స్ వారి టీఎంపీ ఫోల్డర్‌లో ఉంటుంది. డెబియన్‌కు తన టీఎంపీ వేరే ఉంది. రెండూ ఒకటే అని చెప్పకపోతే డెబియన్ తెర కోసం తన ఇంట్లోనే వెతుక్కుంటుంది.

ఇక నుంచి డెస్క్‌టాప్ కావాలంటే:

బ్యాష్ డెస్క్

కొట్టి, టెర్మక్స్:ఎక్స్11 యాప్ తెరవండి. మొదటిసారి అర నిమిషం పట్టొచ్చు. పైన ప్యానెల్, వెనక నేపథ్యం కనిపిస్తే నిలబడినట్టే. పని అయ్యాక యాప్‌ను విదిలించి మూసేయకండి. మెనూలో లాగ్ అవుట్ నొక్కి, టెర్మక్స్‌లో ఎగ్జిట్ కొట్టండి.

7. తెర, వేళ్లు, కీబోర్డు

మొదటిసారి చూడగానే అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఫోన్ తెరలో చుక్కలు ఎక్కువ, తెర చిన్నది. టెర్మక్స్:ఎక్స్11 ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే ప్రిఫరెన్సెస్ వస్తుంది. అవుట్‌పుట్‌లో రిజల్యూషన్ మోడ్‌ను స్కేల్డ్ చేసి, 200 శాతం దగ్గర మొదలుపెట్టి మీ కంటికి తగ్గట్టు జరుపుకోండి.

అక్కడే టచ్ మోడ్ ఉంటుంది. ట్రాక్‌ప్యాడ్ మోడ్‌లో వేలు జరిపితే బాణం జరుగుతుంది. చిన్న బటన్లు నొక్కడానికి ఇదే నయం. రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్. బ్యాక్ నొక్కితే ఫోన్ కీబోర్డు పైకొస్తుంది.

బ్లూటూత్ కీబోర్డుతో ఆల్ట్+ట్యాబ్ కొడితే డెస్క్‌టాప్‌లో కిటికీ మారదు, ఆండ్రాయిడ్ వేరే యాప్‌లోకి తీసుకెళ్తుంది. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ షార్ట్‌కట్‌లను పట్టుకునే యాక్సెసిబిలిటీ ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే సరిపోతుంది.

వేగం కోసం ఒకటే పని. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్, చివరన కంపోజిటర్, అక్కడ టిక్ తీసేయండి. నీడలు పోతాయి, కిటికీలు చురుగ్గా కదులుతాయి.

8. తెలుగు కనిపించాలి, తెలుగు రాయాలి

ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు వస్తాయి. రూట్‌గా లాగిన్ అయి:

ఏపీటీ ఇన్‌స్టాల్ ఫాంట్స్-నోటో-కోర్ ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా

టెలు అంటే టీ, ఈ, ఎల్, యూ. మొదటి ప్యాకేజీలో నోటో తెలుగు, రెండోదాంట్లో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. బ్రౌజర్ మూసి తెరవండి.

టైపింగ్‌కు:

ఏపీటీ ఇన్‌స్టాల్ ఐబస్ ఐబస్-ఎం17ఎన్

స్క్రిప్ట్ చివరి వరుసలో పల్స్_సర్వర్ భాగం తర్వాత, ఒక ఖాళీ ఇచ్చి, ఇవి రెండూ చేర్చండి: జీటీకే_ఐఎం_మాడ్యూల్=ఐబస్ ఎక్స్‌మాడిఫయర్స్=@ఐఎం=ఐబస్. ఒక్కోదాంట్లో మొదటి సమానం గుర్తుకు ఎడమవైపున్నవే పెద్ద అక్షరాలు. డెస్క్‌టాప్‌లో సెషన్ అండ్ స్టార్టప్ తెరిచి, ఆటోస్టార్ట్‌లో ఐబస్-డీమన్ -డీఆర్ఎక్స్ చేర్చండి. డీమన్‌ను డీ, ఏ, ఈ, ఎం, ఓ, ఎన్ అని రాయాలి. తర్వాత ఐబస్-సెటప్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకు ఆర్‌టీఎస్ దగ్గరగా ఉంటుంది.

లిబ్రేఆఫీస్ వేసుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. అది తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద లెక్కేస్తుంది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో దాన్ని ఆన్ చేసి తెలుగు ఎంచుకోకపోతే, మీరు పైన ఏ ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలకు అంటదు.

డీటీపీ మిత్రులు తప్పకుండా అడిగేది: అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇందులో నడుస్తాయా? అవి విండోస్ కోసం, ఇంటెల్ తరహా ప్రాసెసర్ కోసం చేసినవి. మన ఫోన్‌ది ఏఆర్ఎం. రెండు అనువాద పొరలు పెట్టి నడిపించే ప్రయత్నాలు ఉన్నాయి కానీ రోజువారీ పనికి ఆ దారి వద్దు.

9. చెడితే ఎక్కడ చూడాలి

సిగ్నల్ 9 అని మూసుకుపోతోంది: మూడో మెట్టు సరిగా కాలేదు. ఫోన్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన తర్వాత మొదలైతే ఆ సెట్టింగ్ మళ్లీ చూసుకోండి.

డిస్‌ప్లే తెరవలేకపోయానంటోంది: షేర్డ్-టీఎంపీ మరిచారు, లేదా డిస్‌ప్లే చిన్న అక్షరాల్లో రాశారు, లేదా కోలన్ 1 అని ఒకచోట, కోలన్ 0 అని ఇంకోచోట ఉంది.

నల్ల తెర, మధ్యలో బాణం మాత్రమే: తెర వచ్చింది, డెస్క్‌టాప్ రాలేదు. డీబస్-ఎక్స్11 ఎక్కిందో లేదో చూడండి.

బాణం కూడా లేని కటిక నల్ల తెర: స్క్రిప్ట్ మూడో వరుసలో కోలన్ 1 తర్వాత -లెగసీ-డ్రాయింగ్ చేర్చండి. కొన్ని ఫోన్ల గ్రాఫిక్స్‌కు ఇది కావాలి.

ఎరుపు నీలంగా, నీలం ఎరుపుగా ఉంది: అదే చోట -ఫోర్స్-బీజీఆర్ఏ.

ఏపీటీ అప్‌డేట్‌లో రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదంటోంది: ఫోన్ తేదీ తప్పు. చాలాకాలం ఛార్జింగ్ లేకుండా పడున్న పాత ఫోన్లలో ఇది తరచూ వస్తుంది. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేయండి.

డీపీకేజీ మధ్యలో ఆగిపోయిందంటోంది: డెబియన్ లోపల డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ. అది ముగిశాకే మిగతావి.

ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లు కూలుతున్నాయి: అబౌట్:కాన్ఫిగ్‌లో సెక్యూరిటీ.శాండ్‌బాక్స్.కంటెంట్.లెవెల్ విలువ 0 చేయండి. క్రోమియం అయితే --నో-శాండ్‌బాక్స్ పెడితే గానీ తెరుచుకోదు. రెండూ భద్రతను తగ్గించేవే, కాబట్టి ఈ బ్రౌజర్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

సిస్టమ్‌సీటీఎల్ పనిచేయడం లేదు, డాకర్ రావడం లేదు: రావు. అద్దె ఇంట్లో గోడ పగలగొట్టే పనులు ఇవి. కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) ఆండ్రాయిడ్‌దే, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ ఇక్కడ మొదలుకాదు. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, డ్రైవ్‌లు మౌంట్ చేయడం, 1024 కంటే తక్కువ పోర్ట్‌ల మీద సర్వర్ పెట్టడం కూడా కుదరవు. ఏదైనా సర్వీసు కావాలంటే సర్వీస్, దాని పేరు, స్టార్ట్ అని పాత పద్ధతిలో ప్రయత్నించండి. పైథాన్, సీ కంపైలర్, గిట్, లిబ్రేఆఫీస్, జింప్ మాత్రం నిక్షేపంగా నడుస్తాయి.

పిక్సెల్ ఫోన్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 2025 మార్చి అప్‌డేట్‌తో డెవలపర్ ఆప్షన్స్‌లో లినక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ వచ్చింది. అది డెబియన్‌ను వర్చువల్ మెషీన్‌లో నడుపుతుంది, సొంత కెర్నెల్ ఉంటుంది. టెర్మినల్ చాలనుకునేవాళ్లు ముందు అది చూడండి.

10. బ్యాకప్

ఫోన్ ఫైళ్లు డెబియన్ లోపల /ఎస్‌డీకార్డ్ దగ్గర కనిపిస్తాయి. రాసిన ఫైళ్లను అక్కడి డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో దాచుకుంటే టెర్మక్స్ పోయినా అవి ఉంటాయి. మొత్తం డెబియన్‌నే దాచాలంటే, డెస్క్‌టాప్ మూసేసి, డాలర్ గుర్తు దగ్గర:

ప్రూట్-డిస్ట్రో బ్యాకప్ --అవుట్‌పుట్ /ఎస్‌డీకార్డ్/డౌన్‌లోడ్/డెబియన్.టార్.జీజెడ్ డెబియన్

డౌన్‌లోడ్‌లో మొదటి అక్షరం పెద్దది. ఎన్ని ప్యాకేజీలు వేశారో దాన్నిబట్టి ఫైలు ఒకటి రెండు జీబీలు ఉండొచ్చు. అది ఫోన్‌లోనే ఉంచితే ఫోన్ పోయిన రోజు అదీ పోతుంది, పెన్‌డ్రైవ్‌లోకి మార్చండి.

కొత్త ఫోన్‌లో 1, 2, 3 మెట్లు మళ్లీ చేసి, నాలుగో మెట్టులో మొదటి రెండు వరుసలు కొట్టి, ఆ ఫైలును డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పెట్టి:

ప్రూట్-డిస్ట్రో రీస్టోర్ /ఎస్‌డీకార్డ్/డౌన్‌లోడ్/డెబియన్.టార్.జీజెడ్

సీత, సీత ఫైళ్లు, ఫాంట్లు అన్నీ యథాతథంగా వస్తాయి. డెస్క్ స్క్రిప్ట్ మాత్రం రాదు, అది డెబియన్‌లో లేదు, టెర్మక్స్‌లో ఉంది. దాన్ని ఇప్పుడే సీపీ డెస్క్ /ఎస్‌డీకార్డ్/డౌన్‌లోడ్ అని పక్కన పెట్టుకోండి.